గుజ్జు అయిపోలేదండీ, వంతు తప్పింది

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అమ్మగారికి 57 ఏళ్ళు, రాజోలు దగ్గర ఊరు. పదేళ్ళుగా నడుం నొప్పి, నాలుగేళ్ళుగా మోకాళ్ళు, బీపీ కూడా ఉంది. ఇంకా ఊడ్పులకి వెళ్తున్నారు. స్కానింగులో నడుం కింది భాగంలో, ఎల్4-ఎల్5 అనే పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బిందన్నారు. ఎక్స్‌రే చూసి మోకాళ్ళలో గుజ్జు అయిపోయిందన్నారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ నెలకి రెండుసార్లు తుంటికి సూది వేస్తున్నాడు. మూడు నెలల కిందట ఎవరో ఇచ్చిన నాటుమందు పొడి మొదలుపెడితే నాలుగు రోజుల్లో లేచి తిరిగేసింది. ఇంతలో ఒక ఆసుపత్రిలో రెండు మోకాళ్ళూ మార్చేయమన్నారు. మీరు ఉండేది హైదరాబాదులో. ఎవరి మాట నమ్మాలి అని అడిగారు.

నేను ఫిజియోథెరపిస్టుని, పాలకొల్లులో ఇరవయ్యారేళ్ళుగా చేస్తున్నాను. చించినాడ వంతెన దాటి మీ వైపు నుంచి వచ్చేవాళ్ళే నా దగ్గర సగం మంది ఉంటారు. నా నడుం కూడా ముప్ఫై నాలుగో ఏట ఒక పేషెంటుని మంచం మీంచి లేపుతుండగా కలుక్కుమంది, అప్పట్నుంచీ నాతోనే ఉంది. కాబట్టి బల్లకి రెండు వైపులా కూర్చున్న మనిషిని అనుకోండి. మందులు రాసే డాక్టరుని మాత్రం కాదు. ఇక్కడ మందుల గురించి చెప్పేవన్నీ మీరు డాక్టరు దగ్గర అడగాల్సినవే తప్ప సొంతంగా మార్చేసుకోవాల్సినవి కావు.

ముందు ఆ పొడి సంగతి చూద్దాం. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు గానీ ఇది ఆగేది కాదు. పదేళ్ళ నొప్పి నాలుగు రోజుల్లో మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. వేర్లూ ఆకులూ అంత తొందరగా పనిచేయడం నేను చూడలేదు. అంత తొందరగా పనిచేసేవి స్టెరాయిడ్లు. డెక్సామెథసోన్, ప్రెడ్నిసలోన్ మాత్రలు చాలా చవక, నూరి పొడిలో కలిపేస్తే ఎవరికీ తెలియదు. అమ్మగారికి ఈ మధ్య ఆకలి పెరిగిందా? మొహం గుండ్రంగా అయిందా? రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదా? చెయ్యి ఎక్కడైనా చిన్నగా తగిలినా కమిలిన మచ్చ పడుతోందా? "మీ అమ్మ ఒళ్ళు చేసింది, మొహంలో కళ వచ్చింది" అని చుట్టాలు అంటున్నారంటే ఆ కళ చాలాసార్లు మందుది. ఆ మందే లోపల షుగరు పెంచుతుంది, బీపీ పెంచుతుంది, ఎముకని గుల్ల చేస్తుంది. కొందరికి తుంటి ఎముక బంతికి రక్తం అందక అది కుంగిపోతుంది, అప్పుడు మోకాళ్ళ కోసం వాడిన మందుకి తుంటి మార్చాల్సి వస్తుంది.

ఇది చదివి ఈ రాత్రే ఫోన్ చేసి "అమ్మా, ఆ పొడి పారెయ్" అనకండి. స్టెరాయిడ్ మూడు వారాలు దాటి వాడితే, ఒంటికి కావాల్సిన స్టెరాయిడుని తయారుచేసే, కిడ్నీల పైన టోపీల్లా ఉండే అడ్రినల్ గ్రంథులు "బయట్నుంచి వస్తోంది కదా" అని తమ పని మానేస్తాయి. ఒక్కసారిగా ఆపేస్తే అవి వెంటనే లేవలేవు. పదేళ్ళ కిందట ఒకావిడని కూతురు ఎక్కడో చదివి ఇలాగే ఒక్కరోజులో మాన్పించేసింది. నాలుగో రోజుకి వాంతులు, కళ్ళు తిరగడం, బీపీ పడిపోవడం. కాకినాడ తీసుకెళ్ళి సెలైన్లు పెడితే బతికింది. కాబట్టి జనరల్ ఫిజీషియన్ దగ్గరికి తీసుకెళ్ళి, "స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చని అనుమానం, మూడు నెలలుగా వాడుతోంది" అని స్పష్టంగా చెప్పండి. అనుమానం నిజమనిపిస్తే ఆయన తెలిసిన మోతాదులో మాత్ర ఇచ్చి వారం వారం తగ్గించుకుంటూ వస్తారు.

తర్వాత ఆ సూది. పేరు అడిగారా? ఎక్కువగా డైక్లోఫెనాక్ అయ్యుంటుంది, ఒక్కోసారి అందులో స్టెరాయిడూ కలుపుతారు. డైక్లోఫెనాక్ విషం అని నేననను, పట్టేసిన నడుముకి రెండు మూడు రోజులు అందరూ వాడేదే. ఏళ్ళ తరబడి వాడితేనే చిక్కు. మన చిన్నప్పుడు గొడ్డు చస్తే దిబ్బ మీద రాబందులు వాలేవి, ఇప్పుడున్నాయా? ఈ మందు వేసిన పశువు కళేబరం తిని, కిడ్నీలు పాడైపోయి, దేశమంతటా చచ్చిపోయాయవి. అందుకే 2006లో పశువులకి ఈ మందు నిషేధించారు. మనుషుల సీసాలు పశువులకి మళ్ళుతున్నాయని 2015లో ఇంజక్షన్ సీసాని 3 మిల్లీలీటర్లకి కుదించారు కూడా. మనిషి కిడ్నీ రాబందు కిడ్నీ అంత సుకుమారం కాదనుకోండి, అలాగని ఇనుమూ కాదు.

మీ అమ్మగారి విషయంలో ఇంకో మెలిక ఉంది. బీపీ మాత్ర అట్ట తీసి చూడండి. మందు పేరు చివర "సార్టన్" అని ఉండి, బ్రాండు పేరు పక్కన "హెచ్" అనే తోక ఉంటే, అందులో ఒంట్లో నీరు తీసే మందు కూడా కలిసినట్టు. ఆ రెండింటి మీద ఈ నొప్పి సూది పడితే మూడూ కలిసి కిడ్నీ మీద పడతాయి. అందులోనూ ఎండాకాలం చెమటలు కక్కుతూ, నీళ్ళు తాగకుండా చేలో పనిచేసే మనిషికి. ఫిజీషియన్ దగ్గరికి వెళ్ళిన రోజే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, మూత్ర పరీక్ష, మూడు నెలల షుగరు చూపించే హెచ్‌బీఏ1సీ చేయించండి. పెద్ద ఖర్చేమీ కాదు.

ఇప్పుడు గుజ్జు దగ్గరికి వద్దాం. ఈ మాట మన వైపు ఎవరు మొదలుపెట్టారో గానీ, నా దగ్గరికి వచ్చే ప్రతి పెద్దావిడా "గుజ్జు అయిపోయిందమ్మా" అంటూనే లోపలికి వస్తుంది. సైకిల్ టైరు అరిగినట్టు మోకాలు అరిగిపోయింది, ఇంక ఎంత తక్కువ నడిస్తే అంత మిగుల్తుంది అని మనసులో పడిపోతుంది. నడక మానేస్తుంది. తొడ కండ చిక్కిపోతుంది. కండ చిక్కాక కీలు మీద బరువు ఇంకా పడుతుంది, నొప్పి పెరుగుతుంది. "చూశావా, గుజ్జు ఇంకా అరిగింది" అంటుంది.

ఆ గుజ్జుకి, అంటే మృదులాస్థికి, రక్తనాళాలు ఉండవండీ. దాని తిండంతా కీలు లోపలి ద్రవం నుంచే. కాలు మోపినప్పుడు నొక్కుకుంటుంది, తీసినప్పుడు ద్రవాన్ని పీల్చుకుంటుంది. కాలవలో నానేసిన కొబ్బరి పీచుని నొక్కి వదిలి చూడండి, అలాగన్నమాట. కదలకపోతే దానికి తిండే ఉండదు.

స్కానింగులో డిస్కు సంగతీ అంతే. నొప్పంటూ ఏమీ లేని మూడు వేల మందికి పైగా మనుషుల స్కానింగులని కలిపి చూసిన పరిశీలన ఒకటి 2015లో వచ్చింది. నడుం నొప్పి లేని 20 ఏళ్ళ వాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్ళ వాళ్ళలో 96 శాతం మందికి. డిస్కు ఉబ్బు 20 ఏళ్ళకి 30 శాతం, 80 ఏళ్ళకి 84 శాతం. వీళ్ళంతా హాయిగా తిరుగుతున్నవాళ్ళు. అంటే 57 ఏళ్ళ మనిషి స్కానింగులో ఉబ్బు కనిపించడం, తలలో తెల్ల వెంట్రుక కనిపించడం ఇంచుమించు ఒకటే. అది నొప్పికి కారణం కావచ్చు, కాకపోనూవచ్చు. మనిషిని పరీక్ష చేయకుండా కాగితం చూసి చెప్పేది కాదు.

మా అమ్మ నరసాపురంలో లేసు అల్లేది. పన్నెండో ఏట పట్టుకున్న సూది డెబ్బై దాకా వదల్లేదు. అరుగు మీద మెడ వంచి, నడుం వంచి, దీపాల వేళ దాకా. అరవై ఎనిమిదో ఏట ఎక్స్‌రే తీయిస్తే డాక్టరుగారు ఫిల్ము వెలుగులో పెట్టి, "ఈవిడ ఎలా నడుస్తోందమ్మా?" అన్నారు. ఆవిడ అప్పటికే బయట రిక్షావాడితో బేరం ఆడుతోంది.

అలాగని అన్ని నొప్పులూ ఒక గాటన కట్టకూడదు. పొద్దున్నే లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి గంట గడిచినా వదలడం లేదా? చేతివేళ్ళ కణుపులు రెండు వైపులా వాచి, గిన్నె పట్టుకోవడం కష్టమవుతోందా? అయితే అది అరుగుదల కాదు, కీళ్ళవాతం కావచ్చు. దానికి రుమటాలజిస్టు ఉంటారు, వేరే మందులు ఉంటాయి, ఎంత తొందరగా మొదలుపెడితే కీళ్ళు అంత నిలుస్తాయి. (వాటిలో మెథోట్రెక్సేట్ అనేది వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. చీటీలో పెద్ద అక్షరాలతో రాయించుకోండి.) అరుగుదల నొప్పి అయితే పొద్దున బిగుసుకున్నా అరగంటలోపు వదిలేస్తుంది, పని చేసే కొద్దీ పెరుగుతుంది. నలభై లోపు కుర్రాడికి తెల్లవారుజామున నడుం నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గుతుంటే అది ఇంకో జాతి, అదీ రుమటాలజిస్టు చూడాల్సిందే. ఒక్కసారిగా కాలి బొటనవేలు ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోతే యూరిక్ యాసిడ్ చూస్తారు. జ్వరం వచ్చి తగ్గాక మొదలైన కీళ్ళ నొప్పులైతే చికున్‌గున్యా అడగండి. 2006లో మన జిల్లాల్లో ఊళ్ళకి ఊళ్ళు మంచం ఎక్కాయి, ఆ నొప్పులు నెలల తరబడి లాగిన వాళ్ళని నేనే చాలామందిని చూశాను.

నడిస్తే పిక్కలు పట్టేసి, కాసేపు కూర్చుంటేనో ముందుకి వంగితేనో వదిలేసి, సైకిలు మాత్రం ఎంతసేపైనా తొక్కగలిగితే వెన్నుపూసల లోపల నరాలు వెళ్ళే కాలవ ఇరుకైందేమో చూడాలి.

ఇవి మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి: కూర్చునే చోట, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడమో తెలియకుండా పోవడమో, కాలు పడిపోతున్నట్టు ఉండడం. జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి ఉంటే వెన్నెముక టీబీ నుంచి ఇంకేదైనా దాకా అనుమానించాలి, వారం కూడా ఆగకండి. స్టెరాయిడ్ వాడిన మనిషి జారి పడి నడుం నొప్పి అంటే ఎక్స్‌రే తప్పదు.

ఇవేవీ లేవనుకుందాం. మీరు రాసిన దాన్ని బట్టి నాకూ ఇది మామూలు అరుగుదల, మామూలు నడుం నొప్పి అనే అనిపిస్తోంది. మామూలు అన్నానని చిన్నదనుకోకండి. పదేళ్ళ నొప్పి మనిషిని తినేస్తుంది. ఇన్నేళ్ళ నొప్పిలో కీలు పాత్ర కొంతే, నరాల పాత్ర కొంత. దొంగ పడిన ఇంట్లో కుక్క ఆ తర్వాత ఆకు రాలినా మొరుగుతుంది. నరాలు కూడా అంతే, మొదట దెబ్బకి మొరిగి, తర్వాత అలవాటుగా మొరుగుతాయి. మొరుగు అబద్ధం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. కానీ మొరిగిన ప్రతిసారీ దొంగ ఉన్నట్టు కాదు. నిద్ర చాలకపోతే, దిగులు ఉంటే ఇంకా మొరుగుతుంది.

నేను నిజంగా చెప్పాలనుకున్నది ఇక్కడుంది. మీరు రైతు బిడ్డ కాబట్టి తేలిగ్గా అర్థమవుతుంది. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి నీళ్ళు చాలకపోతే ఏం చేస్తారు? కాలవలకి వంతులు పెడతారు. ఇన్ని రోజులు ఈ కాలవకి, ఇన్ని రోజులు ఆ కాలవకి. వంతు ఉన్నంతసేపూ పై చేలవాళ్ళు తూములన్నీ ఎత్తేసుకుంటే శివారు చేలు ఎండుతాయి. మీ అమ్మగారు సరిగ్గా ఆ పని చేస్తున్నారు. సూది వేసిన మర్నాడు ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది. అంతే, ఇల్లంతా కడగడం, గేదెల పాక శుభ్రం, అటక మీది సామాన్లు దింపడం, మాగాయి ముక్కలు కోయడం, నాలుగు రోజుల పని ఒక్కరోజులో లాగేస్తారు. తర్వాత మూడు రోజులు మంచం. మళ్ళీ సూది. నా అనుభవంలో నొప్పి లేని రోజే కొంప ముంచే రోజు.

దీనికి వంతు పెట్టడం ఎలాగంటే, ముందు వారం రోజులు రాయించండి. మీ చెల్లెలో, పక్కింటి పిల్లో రాసినా సరే. కింద కూర్చుని అంట్లు తోమితే ఎన్ని నిమిషాలకి మోకాలు మొదలెట్టింది? నిలబడి వంట చేస్తే ఎంతసేపటికి నడుం లాగింది? ఇరవై నిమిషాలకి అనుకోండి. ఇక మీదట పదిహేనుకే లేవాలి, నొప్పి వచ్చినా రాకపోయినా. బాగున్న రోజు కూడా పదిహేనే. బాగాలేని రోజు కూడా వీలైనంత వరకు పదిహేనే. ఫోనులో అలారం పెట్టుకోవచ్చు. లేచి రెండు నిమిషాలు వాకిట్లో తిరిగి, వేరే రకం పని పట్టుకోవాలి. అలా పది రోజులు గడిచాక రెండు నిమిషాలు పెంచాలి. విని నవ్వుతారు. మొదట్లో నేనూ నవ్వాను. నా నడుముకి ఎన్ని మెషిన్లు పెట్టుకున్నా రానిది దీనితో వచ్చింది.

ఊడ్పుల సంగతి వేరు. ముఠా గుత్తకి ఒప్పుకున్నాక పది మంది వరసలో వంగి వెనక్కి వెళ్తుంటే, ఒక్కావిడ పదిహేను నిమిషాలకోసారి నిలబడితే వరస ఆగిపోతుంది, మాటలు పడాలి. "వంగే పని మానేయండి" అని చీటీ మీద రాసేవాళ్ళకి ఆ కూలి డబ్బు విలువ తెలియదు. నేను చెప్పేది ఏంటంటే, ముఠాలో అందరూ ఒకే పని చేయరు. నారు కట్టలు అందించడం, గట్టు మీద విప్పి పంచడం లాంటివి మధ్యమధ్య మార్చుకోమని ముఠా పెద్దావిడతో ముందే మాట్లాడుకోవాలి. చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళ నడుములూ అలాగే ఉన్నాయి కదా. వంగినప్పుడు ఎడమ మోచేయి తొడ మీద ఆనించుకుంటే నడుము మీద కొంత భారం తగ్గుతుంది. మన ఆడవాళ్ళు ఎవరూ నేర్పకుండానే చేస్తారది. సొంత చేనైతే యంత్రం నాటో, వెదజల్లుడో ఆలోచించండి.

వ్యాయామాలు మూడే చెప్తాను. పది చెప్తే ఒక్కటీ చేయరు.

మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని, దాన్ని మోకాలితో కిందకి నొక్కి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి. ఒక్కో కాలికి పది, పూటకోసారి. రెండోది, కాస్త ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి, నెమ్మదిగా కూర్చోవడం. లేవలేకపోతే కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచండి. అయిదుతో మొదలుపెట్టి పదిహేను దాకా. ఈ ఒక్కటీ రోజూ చేస్తే బస్సు మెట్టు ఎక్కడం ఎంత మారుతుందో ఆరు వారాల్లో తెలుస్తుంది. మూడోది, వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, పిరుదులు పైకెత్తి అయిదు అంకెలు ఉంచి దించడం. చేస్తున్నప్పుడు కొంచెం నొప్పి వస్తే భయం లేదు. మర్నాడు పొద్దుటికి ఎప్పటి స్థాయికి వచ్చేస్తే మోతాదు సరిపోయినట్టే. మర్నాడు కూడా ఎక్కువగా ఉంటే సగానికి తగ్గించండి, మానేయకండి.

నాలుగోది అనకూడదు గానీ, నడక. పొద్దున్నే కాలవగట్టు మీద, చల్లగా. మొదట పది నిమిషాలు చాలు. నడుం నొప్పి ఒకసారి వచ్చి తగ్గినవాళ్ళలో నడక మొదలుపెట్టిన వాళ్ళనీ, పెట్టనివాళ్ళనీ ఆస్ట్రేలియాలో పోల్చి చూశారు. 2024లో ఫలితాలు వచ్చాయి. నడవనివాళ్ళలో సగం మందికి 112 రోజుల్లోపే నొప్పి తిరగబెడితే, నడిచినవాళ్ళలో సగం మందికి తిరగబెట్టడానికి 208 రోజులు పట్టింది. రూపాయి ఖర్చు లేని మందు. చెప్పులు మాత్రం అరిగిన హవాయి వద్దు, వెనక పట్టీ ఉన్నవి కొనండి. మోకాలు ఎక్కువ బాధపెట్టే రోజుల్లో చేతికర్ర పట్టుకుంటే నామోషీ అనుకోవద్దని చెప్పండి. కర్ర నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో ఉండాలి. చాలామంది అదే వైపు పట్టుకుంటారు.

బరువు సంగతి ఆవిడకి మెత్తగా చెప్పాలి. ఒక్క కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నాలుగు కిలోలు తగ్గితే లెక్క మీరే వేసుకోండి. స్టెరాయిడ్ ఆగాక కొంత బరువు దానంతట అదే దిగొచ్చు.

ఇంట్లో మార్పులకి ఒక్కరోజు చాలు. అంట్లు తోమడానికి మోకాలెత్తు అరుగు కట్టించండి. కత్తిపీట బదులు నిలబడి కోసుకునే బల్ల. బియ్యం బాగుచేయడం కుర్చీలో కూర్చుని. దొడ్లో నేల మీది మరుగుదొడ్డి అయితే దాని మీద పెట్టే ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ బజారులో దొరుకుతుంది. మోకాళ్ళు బాగా అరిగినవాళ్ళకి అన్నిటికంటే ఎక్కువ సుఖం ఇచ్చేది ఇదే. చిత్రమేంటంటే అన్నిటికంటే ఎక్కువ సిగ్గుపడేదీ దీనికే. "నాకేం ముసలితనం వచ్చిందా" అంటారు. మీరు కొనేసి పెట్టేయండి, అడగొద్దు.

వావిలాకు వేసి కాచిన నీళ్ళతో కాపడం, ఉప్పు మూట, ఆముదం రాసి ఆకు కట్టడం, వీటి మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. వేడికి కండ వదులవుతుంది, హాయిగా ఉంటుంది, ఆ హాయిలో వ్యాయామం చేసుకోవచ్చు. షుగరు వల్ల కాళ్ళు మొద్దుబారినవాళ్ళు మాత్రం వేడి ముందు చేత్తో చూసుకోవాలి, కాలినా తెలియదు వాళ్ళకి. జిల్లేడు పాలు చర్మం మీద పూయొద్దు, కంట్లో పడితే మరీ ప్రమాదం. దుకాణంలో దొరికే డైక్లోఫెనాక్ జెల్లు మోకాలికి బాగానే పనిచేస్తుంది. మాత్రతో, సూదితో పోలిస్తే రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ. 2022లో బ్రిటన్ నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా మోకాలి అరుగుదలకి ఇలాంటి పూతమందునే ముందు చెప్పాయి, గుజ్జు కోసమని అమ్మే గ్లూకోసమైన్ మాత్రలు ఇవ్వొద్దన్నాయి. నెలకి వేలు పోసి ఆ మాత్రలు కొంటున్నారేమో చూడండి.

మా వాళ్ళ మెషిన్ల గురించి కూడా నిజం చెప్పేస్తాను. కరెంటు పెట్టడం, అల్ట్రాసౌండు, నడుం లాగే ట్రాక్షను, నేనూ పదేళ్ళు రోజుకి ఇరవై మందికి పెట్టాను. పెట్టినంతసేపూ బాగుంటుంది. ఇంటికెళ్ళే ఆటోలోనే పోతుంది. "ఇరవై సిట్టింగులు ప్యాకేజీ" అని ఎవరైనా అంటే, అందులో కండ పెంచే వ్యాయామం ఎంతో అడగండి. నడుం బెల్టు దూర ప్రయాణానికి, ఊడ్పులకి సరే. పొద్దస్తమానం వద్దు.

తిండి గురించి ఎక్కువ లేదు. వంకాయ, గోంగూర, దుంపలు వాతం అని మానేసి చారన్నంతో బతికే ఆడవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. కండకి మాంసకృత్తులు కావాలి. గుడ్డు, చేప, పప్పు, పెరుగు మాన్పించకండి. యూరిక్ యాసిడ్ ఎక్కువుంటే మాత్రం రొయ్యలూ మద్యమూ తగ్గించాలి. విటమిన్ డి తక్కువైతే డాక్టరు చెప్పిన లెక్కకి వాడండి, ఎవరు పడితే వాళ్ళు వేసే పెద్ద మోతాదు సూదులు వద్దు.

ఆపరేషన్. దుర్బిణి పెట్టి మోకాలు "కడిగేస్తాం" అంటే అరుగుదలకి వద్దు. 2002లో అమెరికాలో ఉత్తుత్తి కోత పెట్టిన వాళ్ళతో పోల్చి చూస్తే తేడా ఏమీ రాలేదు. మోకాలు మార్చడం మంచి ఆపరేషనే, నేను వ్యతిరేకిని కాదు. రాత్రి నొప్పితో నిద్ర పోకపోతే, ఇంట్లో నాలుగడుగులు వేయలేకపోతే, కాలు వంకర తిరిగిపోతే, పై పద్ధతులు ఆరు నెలలు నిజంగా చేశాక కూడా అలాగే ఉంటే చేయించాలి. మీ అమ్మగారు ఇంకా ఊడ్పులకి వెళ్తున్నారన్నారు. ఊడ్పులకి వెళ్ళే మనిషికి రెండు మోకాళ్ళూ ఒకేసారి మార్చేయమనడం నాకు తొందరనిపిస్తోంది. మార్చిన మోకాలితో మళ్ళీ బురదలో వంగి గొంతుక్కూర్చునే పని చేయడమూ కష్టమే, ఆ సంగతి ముందే అడగండి. రెండో అభిప్రాయానికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి ఎముకల విభాగానికి వెళ్ళొచ్చు. చేయించాల్సి వస్తే, 2017 ఆగస్టులో మోకాలి కీళ్ళకి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టిందని గుర్తుంచుకుని, బిల్లులో కీలు ధర విడిగా రాయించుకోండి. డిస్కు ఆపరేషను మాట ఎవరైనా ఎత్తితే, కాలు బలం తగ్గనంత వరకు తొందరేమీ లేదు. కాలికి లాగే నొప్పికి ఆపరేషను తొందరగా ఉపశమనం ఇస్తుంది గానీ, ఏడాది తిరిగేసరికి వెంటనే చేయించుకున్నవాళ్ళూ ఆగి చూసినవాళ్ళూ ఇంచుమించు ఒకేలా ఉంటారని 2007లో నెదర్లాండ్స్ వాళ్ళు చూపించారు.

ఇంకొక్క మాట, అడగలేదు గానీ చెప్తున్నాను. రోజూ ఫోన్ చేసి "నొప్పి ఎలా ఉందమ్మా" అంటున్నారనుకుంటా. మా అబ్బాయీ బెంగుళూరు నుంచి నన్ను అదే అడిగేవాడు, నేను నడుము మీదే మనసు పెట్టి చెప్పేదాన్ని. ఇప్పుడు "ఇవాళ ఎందాకా నడిచావు, ఎవరు కనిపించారు" అని అడుగుతున్నాడు. లాకుల దాకా వెళ్ళాననో, కొబ్బరి దింపులు అయ్యాయనో చెప్తాను. నడుం సంగతి ఫోన్ పెట్టేశాక గుర్తొస్తుంది.

ఈ వారాంతం ఊరు వెళ్తానన్నారు కదా. ఆ పొడి డబ్బా, సూది ఖాళీ సీసా, బీపీ మాత్రల అట్ట, మూడూ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. క్రియాటినిన్, షుగరు ఎంత వచ్చాయో ఇక్కడ రాయండి, నేను చూస్తాను.